అమాస నాటి తనిఖీ

2003 ఆగస్టు 27, బుధవారం. అమావాస్య. ఎండ ఎక్కువ, గాలి లేదు.

హాజరైనవాళ్లు: జిల్లా నుంచి వచ్చిన గనుల ఆఫీసరు. ఆయన జీపు డ్రైవరు. రాళ్లు కొట్టేవాళ్ల సంఘానికి అధ్యక్షుడైన మేస్త్రీ. మేస్త్రీ చెల్లెలు. సంఘం సభ్యులు ఆడా మగా కలిసి పందొమ్మిది మంది. స్వచ్ఛంద సంస్థ నుంచి వచ్చిన ఆయన. నేను.

ఆ రోజు డైరీలో ఇంతవరకే ఉంది. ఎక్కడికి పోయినా ముందు తేదీ, తిథి, ఎవరెవరు ఉన్నారన్నది రాసుకుని, ఆ కింద జరిగినది రాయడం నాకు అలవాటు. సర్వేయరుగా ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో పట్టుబడింది, రిటైరైనా పోలేదు. ఆ ఒక్క దినం మాత్రం పేజీలో మిగతా భాగమంతా ఖాళీగా వదిలినాను. దాన్ని ఇప్పుడు పూర్తి చేస్తున్నాను.

గుట్ట బెళుగుప్పకు అవతల ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్లకు కప్పిన బండలు, చేల గట్ల మీద పాతిన రాతి కూసాలు చాలావరకు ఆ గుట్టలోనివే. వాన ఎగ్గొట్టి వేరుశనగ ఎండిపోయిన ఏట రాళ్లు కొట్టే ఇరవై కుటుంబాలకు అదే కూడు. అయితే గుట్ట మీద వాళ్లకు హక్కు లేదు. తాతల నాటి నుంచి కొడుతున్నా చేతిలో కాగితం లేదు కాబట్టి సర్కారు దృష్టిలో అది దొంగతనమే. రాళ్లు వేసుకుని పోయే ట్రాక్టరును ఎవరైనా ఆపవచ్చు, ఆపేవాళ్లు కూడా.

ఉద్యోగంలో ఉండగా ఆ గుట్టను మూడుసార్లు గొలుసు పట్టి కొలిచినాను. లీజు కోసం వాళ్ల తరఫున అర్జీలు రాసిచ్చినాను. ఒకటి సంఘం రిజిస్టరు కాలేదని వెనక్కి వచ్చింది. రిజిస్టరు చేయించి పంపితే పటం జత చేయలేదని వచ్చింది. పటం జత చేసి పంపితే ఫైలే కనబడలేదు. అట్లా పదమూడేళ్లు గడిచినాయి. నేను రిటైరైన రోజు మేస్త్రీ దండ తెచ్చి మెడలో వేసి, "నీ చేతిలో ఏముందిలే అన్నా, నువ్వేం జేస్తావు" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. ఆ మాట నాకు చాలా కాలం గుచ్చుకుంది.

సంస్థ నుంచి ఆయన వచ్చింది ఆ తర్వాతే. కృష్ణా జిల్లా వైపు మనిషి. ముప్పై ఐదేళ్లు ఉంటాయి. ఉరవకొండలో ఒక గది అద్దెకు తీసుకుని, పాత మోటారుసైకిలు మీద రోజూ గుట్టకు పోయేవాడు. రెండేళ్లు తిరక్కుండా ఏమేమి చేసినాడో నా డైరీల్లో తేదీలతో సహా ఉంది. ఉలి మొన తొందరగా వంగిపోతోందని ఎవరో అంటే, ఒక పాలిటెక్నిక్ మాస్టరును వెంటబెట్టుకొచ్చి కొలిమి దగ్గర కూర్చోబెట్టి, కాల్చిన ఉలికి నీళ్లు పట్టే పద్ధతి మార్పించినాడు. కళ్లల్లో రాతి పెచ్చులు పడకుండా అద్దాలు తెప్పించినాడు. కణేకల్ వైపు కాలువ గట్టు పనులు చేసేవాళ్లతో మాట్లాడి రాళ్లు నేరుగా సంఘం దగ్గరే కొనేటట్టు ఒప్పించినాడు. మేస్త్రీని హైదరాబాదుకు తీసుకుపోయి పెద్ద అధికారుల ముందర కూర్చోబెట్టి మాట్లాడించినాడు. చేతితో రాయి కొట్టేవాళ్ల సంఘాలకు చిన్న గుట్టలు ముందుగా ఇవ్వాలన్న నిబంధన ఒకటి ఉందని, దాని కింద అర్జీ పెట్టాలని కనిపెట్టింది కూడా ఆయనే. నేను ఆ ఆఫీసుల్లోనే బతికినవాణ్ణి. నాకు ఆ నిబంధన తెలియదు.

అర్జీకి జత చేసిన పటం మాత్రం నేను గీసిందే. ఆయన ఇంటికి వచ్చి అడిగి తీసుకున్నాడు. "ఇంత శుభ్రంగా గీసిన పటం నేనెక్కడా చూడలేదండీ" అన్నాడు. ఆయన పొగడకుండా ఉంటే ఇంకా తేలిగ్గా ఉండేది. ఆయన సొంతంగా గీసుకున్న పటం ఒకటి ఉండేది. దాంట్లో వాగు గుట్టకు తూర్పున పోతుంది. నిజానికి వాగు ఉండేది ఉత్తరాన. ఆ తప్పు చూసి నేను చాలా దినాలు సంతోషపడినాను, ఆయనకు మాత్రం చెప్పలేదు.

గుట్టకు పోతే మేస్త్రీ చెల్లెలు జొన్నరొట్టె మీద ఊరిబిండి పచ్చడి పెట్టి మొదట నా చేతికే ఇచ్చేది. ఒక మధ్యాహ్నం మొదటి రొట్టె ఆయనకు ఇచ్చి, రెండోది నాకు చాపింది. నేను తినొచ్చినానని చెప్పినాను.

"యాడ తిన్నావన్నా? పొద్దున బస్సుకే వస్తివి కదా."

"ఆకలి లేదులేమ్మా."

"అలిగినావా?"

"అలగడానికి నేనేమన్నా పెండ్లికొడుకునా?"

"అట్లయితే తిను. మొగం అట్ల పెట్టుకోని కూకుంటే రొట్టె చల్లారిపోతాది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వినారు. ఆయన కూడా నవ్వినాడు. నేను తిన్నాను. రొట్టె మునుపటి మాదిరే ఉండింది.

ఇంక అమాస సంగతి చెప్పాలి. గుట్ట మీద అమావాస్య నాడు ఇనుము రాయిని తాకదు. ఆ దినం సుత్తులు, సమ్మెటలు, ఉలులు కడిగి, కుంకుమ పెట్టి, వరుసగా ఆనించి పెడతారు. పొద్దున్నే తలకు పోసుకుని ఉతికిన బట్టలు కట్టుకుంటారు. నేను మొదటిసారి కొలతకు పోయిన దినం అమాసే పడింది. గొలుసు రాయి మీద పడేస్తే మేస్త్రీ పరుగున వచ్చి పైకి ఎత్తి పట్టుకున్నాడు. "నెలకొక దినం గుట్టకు నిద్ర ఇయ్యాలన్నా" అన్నాడు. ఆ దినం పని కాక వెనక్కి వచ్చినాను. అప్పటినుంచి ప్రతి సంవత్సరం జనవరి ఒకటిన కూర్చుని, పంచాంగం చూసి, డైరీలో పన్నెండు నెలల అమాసలకూ ఎర్ర సిరాతో సున్న చుట్టడం మొదలుపెట్టినాను. ఆ తర్వాత నా కొలతలు ఏవీ చెడిపోలేదు.

ఆగస్టు 18, సోమవారం, ఉరవకొండలో ఆయన గదికి పోయినాను. ఆయన, నేను, ఇద్దరమే. లీజుకు ఇంక మిగిలింది ఒక్క మెట్టు. జిల్లా నుంచి ఆఫీసరు వచ్చి, సంఘం సభ్యులు తమ చేతులతోనే అక్కడ పని చేస్తున్నారని కళ్లతో చూసి రాయాలి. పేరుకు సంఘం పెట్టి వెనకనుంచి కాంట్రాక్టర్లు నడుపుకునేది ఎక్కువైందని ఆ షరతు పెట్టినారు. అదే గుట్టకు మిషన్లు పెట్టే కాంట్రాక్టరు ఒకడు అర్జీ వేసి ఉన్నాడు. ఆఫీసరు రెండు అర్జీల మీదా ఒకేసారి నివేదిక పంపుతాడు. సంఘానికి అనుకూలంగా రాయకపోతే గుట్ట కాంట్రాక్టరుకే పోతుంది, కంకరైపోతుంది.

"ఆఫీసరు గారు ఇరవై ఏడు, లేదంటే సెప్టెంబరు రెండు అన్నారండీ" అన్నాడు. "త్వరగా అయిపోతే మంచిది కదా. ఇరవై ఏడు బుధవారం ఇమ్మని చెప్పమంటారా? మీకు వీలవుతుందా?"

నేను జేబులోంచి డైరీ తీసి ఇరవై ఏడు తిప్పినాను. ఎర్ర సున్న ఉంది.

"నాకేం, రిటైరైనవాణ్ణి. మీ ఇష్టం" అన్నాను.

ఆయన అక్కడే ఫోను చేసి ఖాయం చేసినాడు. గుట్టకు పోయి వాళ్లను అడిగి ఉంటే అప్పుడే తెలిసిపోయేది. బుధవారం పెద్ద ఆఫీసరు వస్తాడు, అందరూ ఉండాలి అని కబురు మాత్రం పంపినాడు, పని జరిగేది చూడడానికని చెప్పలేదు. అన్నీ వాళ్లను అడిగి చేసే మనిషి ఆ ఒక్కటి అడగలేదు. నన్ను అడిగినాడు కదా, చాలనుకున్నాడు.

నేను కోరింది వాళ్లకు గుట్ట దక్కకూడదని కాదు. ఈ మాట ఎవరు నమ్మినా నమ్మకపోయినా రాస్తున్నాను. ఆఫీసరు వస్తాడు, పని ఉండదు, ఈయన నోరు తెరుచుకుని నిలబడతాడు, మేస్త్రీ నా వైపు తిరిగి "ఏమన్నా, ఇప్పుడేం జేసేది" అంటాడు. అప్పుడు నేను ముందుకు వచ్చి, రేపు పాడ్యమి, రేపు రండి సార్ అని సర్ది చెబుతాను. ఆ తొమ్మిది దినాలూ నా మనసులో ఆడిన ఆట ఇది. వాళ్లు ఒకసారి నన్ను అడగాలి. అంతే.

ఇరవై ఏడున జీపు పదకొండు గంటలకు వచ్చింది. నేను అనుకోనిది ఒకటి అక్కడ కనబడింది. పెద్ద ఆఫీసరు వస్తాడని, పైగా అమాసని, వాళ్లు పెట్టెల్లో దాచుకున్న బట్టలు కట్టుకుని వచ్చినారు. మగవాళ్లు తెల్ల చొక్కాల్లో, ఆడవాళ్లు కొప్పుల్లో కనకాంబరాలతో వరుసగా నిలబడి ఉన్నారు. సుత్తులు కుంకుమ బొట్లతో బండకు ఆనించి ఉన్నాయి. రాతి దుమ్ము ఎవరి మీదా లేదు. నా కళ్లకే వాళ్లు రాళ్లు కొట్టేవాళ్ల మాదిరి కనబడలేదు.

ఆఫీసరు వాళ్లను చూసి, సుత్తులను చూసి, సంస్థాయనను చూసినాడు.

"వీళ్లంతా పని చేసేవాళ్లేనా?"

"అందరూ సభ్యులేనండీ."

"మరి పని యాడ?"

మేస్త్రీ ముందుకు వచ్చినాడు. "ఈ దినం అమాస సార్. ఇనుము ముట్టం."

"నేను వచ్చే దినమే అమాస వచ్చిందా?"

"అమాసను మేం పిలవలేదు సార్. మిమ్మల్ని కూడా మేం పిలవలేదు, సంస్థ సారు పిలిచినాడు."

వెనక ఎవరో నవ్వి ఆపుకున్నారు. మేస్త్రీ రెండు అరచేతులు చాపినాడు. "ఈ చేతులు చూడు సార్."

"చేతులు కాయలు కాసినాయి, నిజమే. యా గుట్టలో కాసినాయో వాటి మీద రాసి ఉండదు కదప్పా. పోయిన వారం ఇంకొక చోట ఇట్లాగే లారీలో తెచ్చి నిలబెట్టినారు. వాళ్లవీ చేతులే."

నేను అనుకున్న సమయం వచ్చింది. ముందుకు పోయి, రేపు పాడ్యమి, ఒక్క గంట రేపు చూడమని అన్నాను.

"రేపు పదింటికి నేను జిల్లా ఆఫీసులో ఉండాలి పెద్దాయనా. ఈ దినం తెల్ల చొక్కాలు తొడిగించినవాళ్లు రేపు దుమ్ము పూసి నిలబెట్టలేరా? సాకులు ఇంక ఎన్ని వినాలి నేను?"

ఆయన గుట్టంతా తిరిగి, హద్దులు చూసి, జీపు బానెట్టు మీద కాగితం పెట్టి రాసినాడు. తనిఖీ సమయంలో పని జరుగుట లేదు. అంతే. జీపు పోయింది.

కనకాంబరాలు పెట్టుకున్న ఆడవాళ్లు కింద కూర్చున్నారు. ఎవరూ ఏడవలేదు, తిట్టలేదు. సంస్థాయన మేస్త్రీ ముందు నిలబడి, "తప్పు నాదేనండీ. తేదీ ఖాయం చేసే ముందు మిమ్మల్ని అడగాల్సింది" అన్నాడు. మేస్త్రీ ఆయన భుజం మీద చెయ్యి వేసినాడు. "నీకేం తెలుసు సారూ, నువ్వు ఈ పక్క మనిషివి గాదు" అన్నాడు. అప్పుడు కూడా నాకు ఆ చెయ్యే కనబడింది. నా మౌనం వల్ల జరిగిన దానికి ఆయన నింద వేసుకుంటున్నాడు, దాంతోపాటు ఆ చెయ్యి కూడా ఆయనకే దక్కుతోంది.

మేస్త్రీ చెల్లెలు నా వైపు తిరిగింది. "సర్వేయరన్నకు తెలుసు గదా అమాస ఎప్పుడో. పుస్తకం జేబులో పెట్టుకోనే తిరుగుతావే."

"చూసుకోలేదమ్మా" అన్నాను.

సాయంత్రం ఇంటికి వచ్చి డైరీ తెరిచినాను. తేదీ రాసినాను, హాజరు రాసినాను. ఆ కింద నిజం రాస్తే ఆ "చూసుకోలేదు" కూడా రాయాలి. రాయకుండా దాటేస్తే, నా డైరీలో అబద్ధం చేరిన మొదటి పేజీ అవుతుంది. కలం మూసి పెట్టినాను.

మరుసటి దినం, 28, గురువారం, పొద్దున ఆరు గంటలకు ఉరవకొండ ట్రావెలర్స్ బంగళాకు నడిచి పోయినాను. జిల్లా నుంచి వచ్చిన ఆఫీసర్లు రాత్రి దిగేది అక్కడే. ఆఫీసరు వరండాలో టీ తాగుతున్నాడు. కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పినాను. అమాస ఆచారం సాకు కాదని, నా మొదటి కొలతే దాని వల్ల ఆగిపోయిందని, పద్దెనిమిదో తేదీనే నాకు తెలిసీ చెప్పలేదని. ఎందుకు చెప్పలేదని అడిగినాడు.

"ఆయన మీద కడుపుమంట సార్."

ఆఫీసరు కప్పు కింద పెట్టినాడు. "ఇది రాసిస్తారా?"

తెల్ల కాగితం అడిగి తీసుకుని, అక్కడే అరుగు మీద కూర్చుని రాసినాను. నా దస్తూరి బాగుంటుంది. ఆయన రెండుసార్లు చదివినాడు.

"అమావాస్య అన్నది వాళ్లు చెబితే నమ్మలేదు. మనిషి తన మీద తానే రాసుకుంటే నమ్మక తప్పదు" అన్నాడు. డ్రైవరును పిలిచినాడు. "ఎక్కండి. మనం వస్తున్నట్టు ఎవరికీ చెప్పకూడదు."

చెప్పడానికి నాకు దారి కూడా లేదు. జీపులో వెనక కూర్చున్నాను. గుట్ట ఇంకా కనబడక ముందే చప్పుడు వినబడింది. సుత్తుల చప్పుడు, ఒకదాని వెంట ఒకటి. ఆఫీసరు వెనక్కి తిరిగి నన్ను చూసినాడు.

నిన్నటి మనుషులే. ఈసారి పాత లుంగీలు, తలలకు గుడ్డలు, రెప్పల మీద కూడా దుమ్ము. ఆడవాళ్లు పెచ్చులు గంపలకెత్తుతున్నారు. జీపు చూసి ఎవరూ పని ఆపలేదు, నిన్న అయిపోయింది కదా అనుకున్నారేమో. సంస్థాయన అప్పటికే అక్కడ ఉన్నాడు. తెల్లారకముందే వచ్చినాడట.

మేస్త్రీ పెద్ద బండలో వరుసగా ఇనుప చీలలు దిగ్గొట్టి ఉన్నాడు. ఒక్కొక్క చీల మీద ఒక్క దెబ్బ వేసి, ఆగి, మళ్లీ మొదటి దానికి వస్తున్నాడు. ఒక చోట సమ్మెట పక్కన పెట్టి, సంస్థాయనను పిలిచినాడు. "సారూ, చెవి ఈడ పెట్టు. రాయి లోపల చీలే చప్పుడు వస్తాంది, విను."

ఆయన మోకాళ్ల మీద వంగి చెవి ఆనించినాడు. విన్నట్టు తల ఊపినాడు. అన్నేళ్లు ఆ గుట్టకు పోయినాను, రాయికి చెవి పెట్టమని నన్ను ఎవరూ పిలవలేదు. ఇంకొక దెబ్బకు బండ గీత గీసినట్టు రెండుగా విడిపోయింది.

ఆఫీసరు ఒక్కొక్కరి దగ్గరికీ పోయి పేరు అడిగి, సంఘం జాబితాలో ఉందో లేదో చూసుకుంటూ గంట సేపు తిరిగినాడు. ఆ తర్వాత సంస్థాయనకు నా కాగితం చూపించినాడు. ఆయన చదివి, మడిచి తిరిగి ఇచ్చేసి, నా దగ్గరికి వచ్చినాడు.

"మీరు ఈ రోజు ఆయన్ని తీసుకురాకపోతే ఏమయ్యేదండీ" అన్నాడు. ఆ మాటలో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. ఉంటే నేను ఓర్చుకునేవాణ్ణి.

మేస్త్రీకి విషయం అక్కడే తెలిసింది. సమ్మెట మీద చేతులు పెట్టుకుని నిలబడినాడు. "తెలిసీ చెప్పలేదా?" అన్నాడు. నేను అవునన్నాను. ఆయన ఆఫీసరు వైపు తిరిగినాడు.

"అయితే గుట్ట మాకు వస్తాదా సార్?"

"ఇచ్చేది నేను కాదప్పా. నిన్న చూసింది నిన్న రాసినాను. ఈ దినం చూసింది ఈ దినం రాస్తాను. రెండూ పైకి పోతాయి, ఈ పెద్దాయన కాగితంతో సహా."

బానెట్టు మీద రాయడం మొదలుపెట్టినాడు. అందరూ మళ్లీ పనిలోకి దిగినారు. నేను ఎటు పోవాలో తెలియక విడిపోయిన బండ పక్కనే నిలబడి ఉన్నాను. మేస్త్రీ చెల్లెలు గంప దించి నా దగ్గరికి వచ్చింది.

"అడగంది ఆయప్ప తప్పు, ఒప్పుకున్నాడు. చెప్పంది నీ తప్పు, నువ్వూ ఒప్పుకున్నావు. అబద్ధం మాత్రం నా మొగాన్నే చెప్పినావు."

"అవునమ్మా."

"సర్లే, పక్కకు జరుగు. ఈడ పెచ్చులు తగుల్తాయి."

నేను పక్కకు జరిగినాను.